కరెంటు పోయి వస్తే కంప్యూటర్ మళ్లీ మొదటికొస్తోంది

ప్రశ్న: మాది నెల్లూరు. కోవూరు దగ్గరున్న మా మేనమామ గారి రైసు మిల్లు లెక్కలు నేను చూస్తాను. పాప పుట్టాక ఇంటి నుంచే పని చేస్తున్నాను. మిల్లు ఆఫీసులోని పాత కంప్యూటర్‌కు విండోస్ 10 సపోర్టు ఆగిపోయిందని లినక్స్ మింట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్నది, వేయించాం. ఇంట్లోని విండోస్ ల్యాప్‌టాప్ నుంచి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా, అటువైపు దాన్ని అందుకునే ఎక్స్‌ఆర్‌డీపీ అనే ప్రోగ్రామ్‌తో, అందులోకి వెళ్తాను. పగలు మా గుమాస్తా అదే కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లులు కొడతాడు. కరెంటు పోయి వచ్చినా, రాత్రి మెయిన్ ఆపి పొద్దున వేసినా తెలుగు కీబోర్డు పోతుంది. తెర కొలత మారుతుంది. ప్యానెల్‌లో నేను పెట్టుకున్న ఐకాన్లు పోయి పాతవి వస్తాయి. లెక్కల ఫైళ్లున్న రెండో డిస్కు కనిపించదు. ఒక్కోసారి ఫైర్‌ఫాక్స్ ఇప్పటికే నడుస్తోందని చెప్పి తెరుచుకోదు. కొన్ని రోజులు కరెంటు వచ్చినా కంప్యూటర్ దానంతట అది లేవదు, గుమాస్తా బటన్ నొక్కాలి. లినక్స్ వేసిన అబ్బాయి మొత్తం ఫార్మాట్ చేసి మళ్లీ వేస్తానంటున్నాడు. వేయించమంటారా?

సమాధానం: వేయించకండి. ఫార్మాట్ చేస్తే మీ ఫైళ్లకు ముప్పు తప్ప మీరు రాసిన ఇబ్బందుల్లో ఒక్కటీ తీరదు. కొత్తగా వేసిన మింట్ కూడా నాలుగు రోజుల్లో ఇలాగే తయారవుతుంది. మీ కంప్యూటర్‌కు ఉన్నది ఒక జబ్బు కాదు, నాలుగైదు. అన్నీ రీస్టార్ట్ అయినప్పుడే బయటపడుతున్నాయి కాబట్టి ఒకటే అనిపిస్తోంది.

సెట్టింగు పోయిందని ఎవరన్నా నేను ముందు అడిగేది, అది అసలు ఎక్కడ రాసి ఉందని. మీ తెర కొలత కోవూరులో లేదు, నెల్లూరులో మీ ల్యాప్‌టాప్‌లో ఉంది. రెండో డిస్కు సంగతి ఎక్కడా రాసి లేదు. ప్యానెల్ సంగతి రాశారు గానీ దాని మీద ఇంకొకరు రాసేశారు. కరెంటు రాగానే లేవాలన్న సంగతి లినక్స్‌కు తెలియనే తెలియదు, అది మదర్‌బోర్డులో ఉంటుంది. వీటిలో దేనికీ ఫార్మాట్ మందు కాదు.

ముందుగా మీకు వర్తించనివి పక్కన పెడదాం. ఇలాంటి ఫిర్యాదు వినగానే చాలామంది మింట్‌ను డిస్కులో వేయకుండా పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడుపుతున్నారేమో అంటారు. అది నిజంగానే సాధారణ కారణం. లైవ్‌లో మార్పులన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి, ఆపగానే పోతాయి. కానీ అలాగైతే రీస్టార్ట్ తర్వాత మీ ఎక్స్‌ఆర్‌డీపీ, మీ పాస్‌వర్డు కూడా పోయేవి. మీరు మళ్లీ లోపలికి వెళ్లగలుగుతున్నారు కాబట్టి మింట్ డిస్కులోనే ఉంది.

డిస్కు పూర్తిగా నిండిపోయినా, దెబ్బతిని చదవడానికి మాత్రమే అన్న స్థితిలోకి వెళ్లినా సెట్టింగులు నిలవవు. అయితే అప్పుడు పాస్‌వర్డు కొట్టగానే కిటికీ మూసుకుపోవడమో నల్లతెర రావడమో జరుగుతుంది సాధారణంగా. అయినా ఒకసారి చూడటంలో నష్టం లేదు. టెర్మినల్ తెరిచి డీఎఫ్ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, హెచ్ కొట్టండి. ఆదేశాలను పలికే తీరులో రాస్తున్నాను, కొట్టేటప్పుడు చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. వచ్చే పట్టికలో చివరి గడి ఒక్క ఏటవాలు గీతగా ఉన్న వరుస చూడండి. అందులో వాడకం 100 శాతం దగ్గర ఉంటే చాలాసార్లు దోషి టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్. అది తీసే సిస్టమ్ నకళ్లు, అంటే స్నాప్‌షాట్లు, అదే డిస్కులో పేరుకుపోతాయి. రెండో మూడో ఉంచి మిగిలినవి తీసేయండి.

ఇక అసలు పరీక్ష. మిల్లుకు సెలవున్న రోజున, గుమాస్తా లేని వేళ చేయండి. ప్యానెల్‌లో ఒక ఐకాన్ మార్చండి. మొదట రిమోట్ కిటికీ మూసి మళ్లీ తెరవండి. ఐకాన్ ఉందా? తర్వాత లోపలి మెనూలో లాగవుట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి. ఉందా? ఆ తర్వాతే రీస్టార్ట్ చేయండి. చాలామంది మొదటి రెండు మెట్లూ వదిలేసి నేరుగా రీస్టార్ట్‌ను నిందిస్తారు. రిమోట్ కిటికీ మూయడం లాగవుట్ కాదు. మీరు కిటికీ మూసినా మీ సెషన్, అంటే లాగిన్ అయి మీరు తెరిచిన డెస్క్‌టాప్, కోవూరులో నడుస్తూనే ఉంటుంది, తిరిగి వచ్చినప్పుడు అందులోకే చేరతారు. కాబట్టి రోజుల తరబడి మీరు ఒక్కసారి కూడా లాగవుట్ కాకపోయి ఉండవచ్చు. తెరిచి ఉన్న కిటికీల అమరికను ఎక్స్‌ఎఫ్‌సీఈ దాచుకునేది లాగవుట్ సమయంలోనే. మెయిన్ ఆపేస్తే దానికి ఆ అవకాశం ఉండదు.

గుమాస్తా లేనప్పుడు మూడు మెట్లూ సజావుగా దాటి, మామూలు రోజుల్లో మాత్రమే ఐకాన్ పోతోందంటే నా అనుమానం నిజమైనట్టే. ఆ అనుమానానికి ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది. మీరు చివర్లో ఏదో చిన్న విషయంలా రాసిన ఫైర్‌ఫాక్స్ సంగతి అది. ఒకే ప్రొఫైల్‌ను రెండు చోట్ల ఒకేసారి తెరవడానికి ఫైర్‌ఫాక్స్ ఒప్పుకోదు. ఇప్పటికే నడుస్తోంది అంటే ఎక్కడో నిజంగానే నడుస్తోంది. ఎక్కడ? గుమాస్తా ముందున్న తెర మీద, మీ పేరుతోనే.

ఎక్స్‌ఆర్‌డీపీ మీకు చూపించేది గుమాస్తా ముందున్న తెరను కాదు. మీ కోసం విడిగా ఇంకో డెస్క్‌టాప్‌ను తెరుస్తుంది. మామూలుగా ఆఫీసు తెర 0 నంబరుది, ఎక్స్‌ఆర్‌డీపీ తెరిచేవి 10 నుంచి మొదలవుతాయి. రెండింటికీ ఖాతా ఒకటే, హోమ్ ఫోల్డర్ ఒకటే. ఎక్స్‌ఎఫ్‌సీఈ సెట్టింగులను చూసుకునే ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ అనే సేవ మొదలైనప్పుడు ఫైలు చదివి తన దగ్గర పెట్టుకుంటుంది, ఏదైనా మారినప్పుడు ఫైలును తిరగరాస్తుంది. అలాంటివి రెండు నడుస్తుంటే, ఇద్దరు గుమాస్తాలు పొద్దున ఒకే చిట్టాకు చెరొక నకలు తీసుకుని, సాయంత్రం ఎవరి నకలు వాళ్లు బీరువాలో పెట్టినట్టు ఉంటుంది. ఎవరు ఆఖరున పెడితే వాళ్లదే మిగులుతుంది. మీరు మార్చిన ప్యానెల్‌ను, అప్పటికే తెరిచి ఉన్న గుమాస్తా సెషన్ తన పాత ప్రతితో కప్పేస్తోంది.

దీన్ని కళ్లతో చూడవచ్చు. గుమాస్తా పనిలో ఉన్నప్పుడు మీరు లాగిన్ అయి, టెర్మినల్‌లో లాగిన్ అనే మాటకు వెంటనే సీ, టీ, ఎల్ కలిపి కొట్టండి. ఒకే పేరుతో రెండు వరుసలు వస్తాయి. వాటిలో ఒకదానికి సీట్ అనే గడిలో సీట్0 అని ఉంటుంది, అది ఆఫీసు కుర్చీ. మీ వరుసలో ఆ గడి ఖాళీగా ఉంటుంది.

ఇంకో చిన్న ఊహ. ఒకే ఖాతా రెండు చోట్ల తెరిస్తే ఎక్స్‌ఆర్‌డీపీ తరచుగా నల్లతెర చూపిస్తుంది. దానికి ఇంటర్నెట్‌లో దొరికే చిట్కా ఒకటుంది. ఈటీసీ ఫోల్డర్‌లో, ఎక్స్‌ఆర్‌డీపీ లోపల ఉండే స్టార్ట్‌డబ్ల్యూఎం డాట్ ఎస్‌హెచ్ అనే ఫైలులో అన్‌సెట్ అని మొదలయ్యే ఒకటి రెండు వరుసలు చేర్చమంటారు. లినక్స్ వేసిన అబ్బాయి ఆ పని చేసి ఉండవచ్చు. దానితో నల్లతెర పోతుంది గానీ రెండు సెషన్లకూ సంబంధం తెగిపోయి, సెట్టింగులు చూసే సేవలు రెండవుతాయి. నల్లతెర వచ్చినప్పుడే ఒకే ఖాతాలో ఇద్దరెందుకని ఎవరైనా అడిగి ఉంటే మీకు ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

మందు సులువే. గుమాస్తాకు వేరే ఖాతా తెరవండి. మింట్ మెనూలో యూజర్లు, గ్రూపులు అనే చోట ఇది జరిగిపోతుంది. అడ్మినిస్ట్రేటర్ హక్కు ఇవ్వనక్కర్లేదు. లాగిన్ విండో సెట్టింగుల్లో మీ పేరుతో ఆటోమేటిక్ లాగిన్ పెట్టి ఉంటే తీసేయండి. ఇకపై పొద్దున అతను తన పేరుతో తెరుస్తాడు, మీరు మీ పేరుతో. ఆ తర్వాత అన్‌సెట్ వరుసలు ఉంటే వాటిని కూడా తీయించవచ్చు. అతను తెరవాల్సిన ఫైళ్లున్న ఫోల్డర్‌కు మీ ఇద్దరినీ ఒకే గ్రూపులో పెట్టి రాసే హక్కు ఇవ్వండి. లిబ్రేఆఫీస్ ఆప్షన్లలో వాడకందారు వివరాల దగ్గర ఎవరి పేరు వాళ్లు నింపుకోండి. అప్పుడు ఒకరు తెరిచిన షీటును ఇంకొకరు తెరవబోతే, ఫలానావారు వాడుతున్నారని పేరుతో సహా చెబుతుంది. ఎడగారు ధాన్యం దిగే రోజుల్లో ఒకే షీటులో ఇద్దరూ చేయి పెట్టకుండా ఉండటానికి ఇది బాగా పనికొస్తుంది.

వేరే ఖాతా పెట్టడానికి మీ మామయ్య, మనవాడే కదా అని మొహమాటపడతారేమో. ఇది నమ్మకం సంగతి కాదని చెప్పండి.

తెలుగు కీబోర్డుది వేరే కథ. మీరు బహుశా కీబోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి తెలుగు లేఅవుట్ చేరుస్తున్నారు. ఎక్స్‌ఆర్‌డీపీ కొత్త సెషన్ తెరిచేటప్పుడు అవతలి కంప్యూటర్‌లో, అంటే మీ ల్యాప్‌టాప్‌లో, ఏ లేఅవుట్ ఉందో అడిగి దాన్నే ఇక్కడ పెడుతుంది. మీరు చేర్చింది దాని ముందు నిలవదు. కాబట్టి లేఅవుట్‌తో కుస్తీ మానేసి, వేరే భాషలు టైపు చేయడానికి ఉన్న ఐబస్ అనే ప్రోగ్రామ్ వాడండి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్, దానితోపాటు ఐబస్ ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకోండి. తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, పోతన, ఆర్‌టీఎస్ పద్ధతులు అందులో ఉన్నాయి. తర్వాత మింట్ మెనూలోని ఇన్‌పుట్ మెథడ్ అనే చోట ఐబస్‌ను ఎంచుకుని, లాగవుట్ అయి రండి. ఈ చివరి మెట్టు వదిలేసి, ఐబస్‌ను చేత్తో తెరుచుకుని వాడితే ఆ పూటకు పనిచేస్తుంది, మర్నాటికి ఉండదు. రిమోట్ కిటికీలో పని చేస్తున్నంతసేపూ ల్యాప్‌టాప్‌ను ఇంగ్లిష్‌లోనే ఉంచండి. రెండు వైపులా తెలుగు పెడితే అక్షరాలు తికమకపడతాయి.

తెర కొలత గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. రిమోట్ సెషన్‌లో కొలతను నిర్ణయించేది మీ విండోస్ వైపు ఉన్న రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రామే. అందులో కనెక్ట్ నొక్కే ముందు షో ఆప్షన్స్ తెరిచి, డిస్‌ప్లే ట్యాబ్‌లో కావలసిన కొలత పెట్టి, జనరల్ ట్యాబ్‌లో సేవ్ నొక్కండి. ఆ డిస్‌ప్లే ట్యాబ్‌లోనే రంగుల లోతు కూడా ఉంటుంది, దాన్ని తరచూ మార్చకండి. అది మారితే ఎక్స్‌ఆర్‌డీపీ మీ పాత సెషన్‌లోకి చేర్చకుండా ఇంకో కొత్తది తెరుస్తుంది, అప్పుడు మీరే ఇద్దరవుతారు.

రెండో డిస్కు విషయంలో ఒక్కటి మాత్రం జాగ్రత్తగా వినండి. ఫైల్ మేనేజర్‌లో డిస్కు బొమ్మ మీద నొక్కితే తెరుచుకునేది ఆ పూటకే. రీస్టార్ట్ అయితే మళ్లీ నొక్కాలి. పైగా రిమోట్‌గా వచ్చినవాళ్లను మింట్ ఆఫీసు కుర్చీలో ఉన్నవాళ్లుగా లెక్కించదు కాబట్టి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు కూడా అడుగుతుంది. శాశ్వతంగా ఉండాలంటే డిస్క్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి, ఆ డిస్కు భాగాన్ని ఎంచుకుని, చక్రం బొమ్మ కింద ఎడిట్ మౌంట్ ఆప్షన్స్ నొక్కండి. పైన ఉన్న యూజర్ సెషన్ డిఫాల్ట్స్ మీట ఆపి, మౌంట్ ఎట్ సిస్టమ్ స్టార్టప్‌కు టిక్ పెట్టి, మౌంట్ పాయింట్‌గా, అంటే డిస్కు తెరుచుకునే చోటుగా, ఎంఎన్‌టీ ఫోల్డర్ కింద ఒక పేరు ఇవ్వండి. అక్కడే ఒక గడిలో కామాలతో విడదీసిన మాటల వరుస ఉంటుంది. అందులో నోఫెయిల్ అనే మాట ఉందో లేదో చూడకుండా ఓకే నొక్కకండి. అది ఉంటే ఆ డిస్కు ఏ రోజైనా పాడైనా కంప్యూటర్ మిగతా పని కానిచ్చుకుని లేస్తుంది. లేకపోతే బూట్ మధ్యలో ఆగి, కుర్చీలో కూర్చున్నవాళ్ల కోసం ఎదురుచూస్తుంది. నెల్లూరు నుంచి మీరు చేయగలిగేది అప్పుడు ఏమీ ఉండదు.

ఈ పని మొదలుపెట్టే ముందు లెక్కల ఫైళ్లు మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీయించండి. ప్యానెల్ ఐకాన్ పోతే మళ్లీ పెట్టుకోవచ్చు. ఏ రైతు దగ్గర 850 కిలోల పుట్టి ఎంత చొప్పున ఎన్ని పుట్లు కొన్నారో ఆ షీటు పోతే మీ మామయ్య దగ్గర ఎవరూ నిలబడలేరు.

కంప్యూటర్ దానంతట అది లేవకపోవడం దగ్గరికి వస్తే, అది మదర్‌బోర్డులోనే ఉండే బయోస్ అనే ప్రోగ్రామ్ సెట్టింగు. ఆఫ్టర్ పవర్ లాస్ అనో, రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అనో ఉంటుంది, తయారీదారును బట్టి పేరు మారుతుంది. మీరు రాత్రిపూట మెయిన్ ఆపేస్తారని రాశారు. మెయిన్ ఆగినప్పుడు ఆ సెట్టింగులను, గడియారాన్ని కాపాడేది మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత బ్యాటరీ. దాని మీద సీఆర్2032 అని చెక్కి ఉంటుంది. పాత కంప్యూటర్‌లో, రోజూ రాత్రంతా మెయిన్ ఆపే చోట, అది అరిగిపోవడం మామూలే. పొద్దున వేయగానే తెర మీద సీమాస్ అనే మాటతో ఏదైనా హెచ్చరిక వస్తోందా, తేదీ ఎప్పటిదో చూపిస్తోందా అని గుమాస్తాను అడగండి. అవునంటే బ్యాటరీ మార్పించండి, వాచీల దుకాణంలో కూడా దొరుకుతుంది. మార్చాక బయోస్‌లోకి వెళ్లి ఆ సెట్టింగును పవర్ ఆన్ అని పెట్టించండి. లాస్ట్ స్టేట్ అని వద్దు. ఎందుకంటే నేను ఇప్పుడు గుమాస్తాకు ఇంకో పని చెప్పబోతున్నాను, దానితో లాస్ట్ స్టేట్ పొసగదు.

మెయిన్ ఆపే ముందు కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేయమనండి. మార్చిన సెట్టింగు ఆ క్షణానే డిస్కు మీదికి ఎక్కదు, కొన్ని సెకన్లు మెమరీలో ఆగుతుంది. ఆ లోపు కరెంటు తీస్తే ఆ మార్పు పోతుంది, ఒక్కోసారి ఫైలే పాడవుతుంది. షట్‌డౌన్ చేశాక మెయిన్ ఆపితే చివరి స్థితి ఆపి ఉన్నట్టే కదా. లాస్ట్ స్టేట్ పెట్టి ఉంటే పొద్దున మెయిన్ వేసినా లేవదు, మళ్లీ బటన్ నొక్కాలి. పగటిపూట పోయే కరెంటుకు, పెద్ద మోటార్లు వేసినప్పుడు పడిపోయే వోల్టేజీకి చిన్న యూపీఎస్ తప్ప మార్గం లేదు. ఇంత మిల్లు నడిపే మీ మామయ్యకు అది పెద్ద ఖర్చు కాదు.

ఇవన్నీ అయ్యాక కూడా ఏదో ఒక ప్రోగ్రామ్ తన సెట్టింగులు నిలుపుకోకపోతే రెండు చోట్ల వెతకండి. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాగి ఉన్న ఫోల్డర్లు కనిపిస్తాయి. చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ ఫోల్డర్ లోపల దేని మీదైనా తాళం గుర్తు ఉందా, ప్రాపర్టీస్‌లో యజమాని పేరు మీది కాకుండా రూట్, అంటే అడ్మినిస్ట్రేటర్, అని ఉందా చూడండి. సుడో పెట్టి, అంటే అడ్మినిస్ట్రేటర్ హక్కుతో, ప్రోగ్రాములు తెరిచే అలవాటు ఉన్నవాళ్ల దగ్గర ఇలా అవుతుంది. ఆ ఫోల్డర్‌ను తిరిగి మీ పేరున రాయిస్తే చాలు. రెండోది, ఆ ప్రోగ్రామ్‌ను మెనూ నుంచి కాకుండా టెర్మినల్‌లో పేరు కొట్టి తెరవండి. మెమరీ బ్యాకెండ్ వాడుతున్నాను, సెట్టింగులు దాచబడవు అన్న అర్థంలో ఇంగ్లిష్ హెచ్చరిక వస్తే, సెట్టింగులను దాచే డీకాన్ఫ్ ఆ ప్రోగ్రామ్‌కు అందడం లేదన్నమాట.

మీరు అడగలేదు గానీ ఒకటి అడుగుతాను. ఇంటి నుంచి మిల్లు కంప్యూటర్‌ను ఏ దారిన చేరుతున్నారు? రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే ఈ రోజే మూయించండి. ఆ పోర్టు తలుపు తట్టే ప్రోగ్రాములు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ రెండు వైపులా వేసుకుని దాని లోపలి నుంచే వెళ్లండి. ఆ అబ్బాయికి ఫార్మాట్ బదులు ఈ పని అప్పగించండి.

మళ్లీ రాయాల్సి వస్తే మింట్ ఏ వెర్షనో, పైన చెప్పిన మూడు మెట్లలో ఏ మెట్టు దగ్గర ఐకాన్ పోయిందో, ఆ సమయంలో గుమాస్తా లాగిన్ అయి ఉన్నాడో లేదో రాయండి.